తొమ్మిది కుర్చీలు, ఒక ‘మేము’

ఇంట్లో అతని పేరు థర్మామీటరు. అత్తగారు పెట్టిన పేరు. ఎదురుగా ఆమె ఎప్పుడూ అలా పిలవలేదు. ఎదురుపడితే ‘బాబూ’ అనే అంటుంది. కానీ వంటగదిలో కూతురితో “మీ థర్మామీటరు లేచాడా?” అనడం అతను రెండుసార్లు విన్నాడు. తప్పు పట్టడానికి లేదు. ఏడు నెలల పాపకి రోజుకి నాలుగుసార్లు జ్వరం చూసేవాణ్ణి ఇంకేమంటారు? జ్వరం లేనప్పుడూ చూస్తాడు. అడిగితే, “లేదని తెలియాలన్నా చూడాలి కదండీ” అంటాడు.

ఇంట్లో థర్మామీటర్లు మూడున్నాయి. రెండింటికి మాట కుదరనప్పుడు మూడోది తీర్పు చెప్పాలి. భార్య మందుల దుకాణంలో పనిచేస్తుంది. “మా కొట్లో ఇవి నీ ఒక్కడి వల్లే చెల్లుతున్నాయి” అని ఆమె నాలుగోది ఇవ్వడానికి ఒప్పుకోలేదు. పాప తాగిన పాలు, పడుకున్న గంటలు, ఏడ్చిన నిమిషాలు రాయడానికి గళ్ల పుస్తకం ఒకటి ఉంది. ఒకరోజు అత్తగారు దాన్ని తిరగేసి, “బాబూ, పిల్లని పెంచుతున్నారా, ప్రయోగం చేస్తున్నారా?” అంది. అతను నవ్వాడు. ఆ నవ్విన సంగతి కూడా ఎక్కడైనా రాసుకున్నాడేమోనని ఆమె పుస్తకం వైపు మళ్లీ చూసింది.

అతను మొదట చదివింది భౌతికశాస్త్రం. రెండేళ్లు ఒక ప్రయోగశాలలో తూకం యంత్రాలు సరిచూసే ఉద్యోగం చేశాడు. తర్వాత మనసు మనుషుల మీదికి మళ్లి, మనస్తత్వశాస్త్రం చదివి, పెద్దాస్పత్రి మానసిక వైద్య విభాగంలో చేరాడు. యంత్రం తప్పు తూస్తే మర బిగించవచ్చు. మనుషులకి ఆ మర ఎక్కడుందో నాలుగేళ్లుగా వెతుకుతున్నాడు. ఇంతకీ ఆస్పత్రిలో అతను చేసే వైద్యం ఆందోళనకి. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, పగలంతా పక్కవాళ్లకి నిదానం నేర్పి, సాయంత్రం ఇల్లు చేరి చెప్పులు విడవకుండానే పాప నుదుటి మీద చెయ్యి పెడతాడు.

ప్రతి మంగళవారం నాలుగింటికి అతనికి గ్రూపు ఉంటుంది. రెండో అంతస్తులో, వసారా చివర గది. ఒకప్పుడు అందులో పాత ఎక్స్‌రేలు దాచేవారు. ఇప్పుడు తొమ్మిది కుర్చీలు గుండ్రంగా వేసి ఉంటాయి. ఏడు కుర్చీలు వైద్యానికి వచ్చినవాళ్లవి, రెండు వైద్యం చేసేవాళ్లవి. ఆ రెండో కుర్చీ అతనిది, మొదటిది పెద్దమేడమ్‌ది. పాతికేళ్లుగా ఇలాంటి గ్రూపులు నడుపుతున్న మనిషి ఆమె. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. గదిలో నిప్పంటుకున్నా “పొగ వస్తున్నట్టుంది, ఎవరికేమనిపిస్తోంది?” అని అడుగుతుందని అతని నమ్మకం.

మొదటివారమే ఆమె చెప్పింది.

“చూడు నాయనా, ఇక్కడ మందు నువ్వూ కాదు, నేనూ కాదు. వాళ్లకి వాళ్లే మందు. ఒకరు నిన్ను ప్రశ్న అడిగారనుకో, నువ్వు జవాబు చెప్పకు. గదిలో పెట్టు. మిగతావాళ్లు చూసుకుంటారు. మనం చూసుకోవాల్సింది గది, గడియారం.”

“ఎవరూ మాట్లాడకపోతేనండీ?”

“ఊరుకో.”

“ఎంతసేపు?”

ఆమె అతని వైపు జాలిగా చూసింది. ఊరుకోవడానికి కూడా కొలత అడిగిన శిష్యుడు ఆమెకి అంతకుముందు దొరికినట్టు లేదు.

ఇంకో పాఠం కూడా చెప్పింది. గంటన్నర సేపు నోరు విప్పనివాళ్లు, లేచి గడప దాటుతూ అసలు మాట అంటారట. తలుపు దగ్గరైతే దానికి జవాబు వినక్కర్లేదు కదా, అందుకని. “అప్పుడు వాళ్ల వెంట పడకు. వినలేదన్నట్టూ ఉండకు. వచ్చే మంగళవారం మాట్లాడుకుందాం అను. అంతే. ఆ మాట వారమంతా వాళ్ల దగ్గర ఉంటుంది, మళ్లీ గదిలోకి వస్తుంది.” అతను ఈ వాక్యాన్ని రాసుకుని, కింద గీత గీసుకున్నాడు.

ఆ ఏడుగురిలో నలుగురు ఈ కథలోకి రారు. వచ్చేవాళ్లు ముగ్గురు. ఒకాయన బస్సు డ్రైవరు. ఇరవయ్యేళ్లు బండి నడిపి, ఒకసారి వంతెన మీద బ్రేకు పట్టకపోయేసరికి, ఆ రోజు ఎవరికీ ఏమీ కాకపోయినా, ఇప్పుడు వంతెన అనే మాట వింటేనే చెమటలు పట్టే మనిషి. నోరు మాత్రం బ్రేకుల్లేకుండా నడుస్తుంది. రెండో ఆమె లెక్కల టీచరు. తాళం వేసి వీధి చివరి దాకా వెళ్లి, వేశానో లేదో చూడటానికి ఆరుసార్లు వెనక్కి వస్తుంది. మూడో ఆయన దర్జీ. కత్తెర పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. ఎందుకో ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఎనిమిది వారాలుగా ఆయన నమస్కారం తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. వచ్చి కూర్చుంటాడు, అందర్నీ చూస్తాడు, వెళ్తాడు.

అతను ఊరుకుంటాడా? వారం వారం ఒక కాగితం మీద తొమ్మిది చుక్కలు గుండ్రంగా పెట్టి, ఎవరు ఎవరితో మాట్లాడారో చుక్క నుంచి చుక్కకి బాణాలు గీసేవాడు. డ్రైవరు చుక్క ముళ్లపందిలా ఉండేది. దర్జీ చుక్క బోడిగుండు. ఎనిమిదో వారం తర్వాత ఆ కాగితాలన్నీ పట్టుకెళ్లి పెద్దమేడమ్ ముందు పరిచాడు.

“లెక్క ప్రకారం ఆయనకి గ్రూపు పనిచెయ్యట్లేదండి. ఒక్క బాణం కూడా లేదు.”

“ఎనిమిది వారాలూ వచ్చాడుగా?”

“వచ్చారండి.”

“ఒక్క మంగళవారం మానలేదు. ఆ బాణం ఇందులో ఎక్కడ గీశావు?”

అతను కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

తొమ్మిదో వారం జరిగింది అసలు సంగతి. ఆరోజు పాప పొద్దున రెండుసార్లు దగ్గింది. మామూలు దగ్గే. అతను మాత్రం గ్రూపులో కూర్చుని కూడా ఆ దగ్గు రెండూ ఒకేలా ఉన్నాయా, రెండోది కొంచెం పొడిగా ఉందా అని ఆలోచిస్తున్నాడు. లెక్కల టీచరు తన తాళం గురించి చెప్పి ఆపింది. పంకా తిరుగుతోంది. గడియారంలో అయిదూ ఇరవై.

“నాకు...” అన్నాడు దర్జీ.

ఎనిమిది తలలు ఒక్కసారి తిరిగాయి. డ్రైవరు కూడా నోరు మూసుకున్నాడు, అదీ విశేషం.

“కత్తెర తీసుకుంటే... గుడ్డ మీద పెట్టేదాకా బాగానే ఉంటుంది. పెట్టాక, ఆ కోటు గుర్తొస్తుంది. ఒకామె తెచ్చింది. ఆ కోటు...”

ఆయన చేతులు మోకాళ్ల మీద వణకడం మొదలుపెట్టాయి. ఆ వణుకు చూడగానే అతనికి పొద్దున పాప దగ్గిన దగ్గు గుర్తొచ్చింది. ఊరుకో అన్న పాఠం, గదిలో పెట్టు అన్న పాఠం, కింద గీత గీసిన పాఠం, అన్నీ ఎగిరిపోయాయి. ముందుకు వంగి, ఎంతో ఆప్యాయంగా అన్నాడు:

“ఏం ఫర్వాలేదండి. మీకేం కాదు. మేమున్నాం కదా.”

దర్జీ ఆగిపోయాడు. అతని వైపు చూశాడు. ఆ తర్వాత గోడ వైపు చూశాడు.

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. “మేమంటే ఎవరెవరు సారూ?”

“అంటే... నేనూ, మేడమ్‌గారూ...”

“ఓహో. మీరిద్దరూ డ్రైవరూ కండక్టరూ అన్నమాట. మేం ఏడుగురం టిక్కెట్టు కొన్నోళ్లం.”

లెక్కల టీచరు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అంది: “మొదటిరోజు చిన్నసారే చెప్పారు, ఇక్కడ మనం తొమ్మిది మందిమి అని. ఇవాళ ఏడు వేరు, రెండు వేరు అంటున్నారు. నేను అప్పుడే రాసుకున్నాను కాబట్టి గుర్తుంది.”

నలుగురు నవ్వారు. అతనూ నవ్వబోయాడు, కుదర్లేదు. మన భాషలో ‘మనం’ అంటే వినేవాడు కూడా లోపలే ఉంటాడు, ‘మేము’ అంటే గడప అవతల ఉంటాడు. ఒకటో తరగతి పిల్లలు కూడా తప్పు చెయ్యని చోట, రెండు పట్టాలున్న మనిషి బోర్లాపడ్డాడు. ఇంకేదో అని సరిదిద్దుకునేలోపే గడియారం అయిదున్నర చూపించింది. పెద్దమేడమ్, “ఇవాళ్టికి సమయం అయింది” అంది. ఆమె గడియారం విషయంలో ఎవరి మీదా దయ చూపదు.

అందరూ లేచారు. దర్జీ అందరికంటే ఆఖర్న గడప దాకా వెళ్లి, వెనక్కి తిరక్కుండా, “వచ్చే వారం నేను రానండి” అన్నాడు.

చెప్పాల్సిన వాక్యం అతనికి కంఠతా వచ్చు. నోటిదాకా కూడా వచ్చింది. కానీ బయటపడింది, “అయ్యో” ఒక్కటే.

ఆ తర్వాత ఎప్పట్లాగే ఇద్దరూ కుర్చీలు సర్దుతూ మాట్లాడుకున్నారు. గ్రూపు అయ్యాక పావుగంట ఇలా మాట్లాడుకోవడం వాళ్ల పనిలో భాగం.

“ఆ క్షణంలో గదిలో ఎవరికి భయమేసింది?” అని అడిగింది పెద్దమేడమ్.

“ఆయనకేనండి.”

“ఇంకా?”

అతను ఆలోచించినట్టు మొహం పెట్టాడు. ఆలోచించడానికేమీ లేదు. “నాకేనండి.”

“మరి, మీకేం కాదు అని ఎవరికి చెప్పావు?”

జవాబు ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు. “ఒక్కసారి ఫోన్ చేసి క్షమించమని అడగనా?” అన్నాడు.

“ఎవరికోసం?”

“వద్దంటారా?”

“తప్పు గదిలో జరిగింది. గదిలోనే తేలాలి. ఆయన కుర్చీ తియ్యకు. వచ్చినా రాకపోయినా తొమ్మిది కుర్చీలూ ఉండాలి. నువ్వు ఈ వారం రోజులూ ఏమీ చెయ్యకుండా ఉండటం నేర్చుకో.”

ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. ఏమీ చెయ్యకుండా ఉండటం అతను సరిగ్గా రెండు రోజులు చేశాడు. ఆ రెండు రోజులూ పాప మీద ఎంత శ్రద్ధ పెట్టాడంటే, దగ్గు తగ్గిపోయింది కానీ పుస్తకంలో గళ్లు సరిపోలేదు. ఒక మనిషి తొమ్మిది వారాలు పోగుచేసుకున్న ధైర్యాన్ని తను మూడు ముక్కల్లో పోగొట్టాడు. ఆయన ఇంక ఎక్కడా నోరు విప్పకపోతే? కత్తెర ముట్టనే ముట్టకపోతే? అన్నం దగ్గర కూర్చుని కూడా అదే ఆలోచన.

“ఏమైంది బాబూ, పిల్ల బాగానే ఉందిగా?” అంది అత్తగారు.

“బాగానే ఉందండి.”

“మరి ఇంకెవరి జ్వరం చూస్తున్నారు?”

రోగుల విషయాలు ఇంట్లో చెప్పకూడదు. అతను అన్నం కలుపుకున్నాడు.

దర్జీ కొట్టు ఆస్పత్రి వెనక వీధిలోనే ఉంది. గది బయట వైద్యుడు ఎదురుపడకూడదన్న మర్యాద కొద్దీ, తొమ్మిది వారాలుగా అతను చుట్టూ తిరిగి బస్టాపుకి వెళ్తున్నాడు. శుక్రవారం సాయంత్రం ఎందుకో కాళ్లు సూటిదారి పట్టాయి. ఎందుకో ఏమిటి, చేతిలో ప్యాంటు ఉంది. నెల కిందట కొన్నది, కొత్తది, నిలువు సరిగ్గా సరిపోయింది. దాన్ని అర అంగుళం కురచ చేయించాలని అతనికి ఆ పొద్దునే తోచింది. గుడ్డ ఇచ్చే నెపంతో, మాట్లాడక్కర్లేకుండా, మనిషి ఎలా ఉన్నాడో ఒక్కసారి చూసి రావచ్చు. వైద్యుడిగా కాదు, బట్టలు కుట్టించుకునేవాడిగా. ఈ తర్కం అతనికి ఆస్పత్రి గేటు నుంచి వీధి మలుపు దాకా బాగానే నిలబడింది.

మలుపులో కరెంటు స్తంభం పక్కన ఆగాడు. కొట్టు తలుపు సగం మూసి ఉంది. లోపల మిషను చప్పుడు లేదు. అతను ప్యాంటు మడత విప్పాడు, మళ్లీ మడిచాడు. ఎవరో పెద్దాయన, “దారి కావాలా బాబూ?” అని అడిగితే, “లేదండి, ప్యాంటు” అని జవాబిచ్చాడు. ఆ పెద్దాయన ప్యాంటునీ అతన్నీ చూసి, ఇంకేమీ అడక్కుండా సాగిపోయాడు. అయిదు నిమిషాల తర్వాత అతనూ వెనక్కి తిరిగి, చుట్టుదారిన బస్టాపుకి వెళ్లాడు.

మంగళవారం వచ్చింది. తొమ్మిది కుర్చీలు వేశాడు. నాలుగింటికి ఎనిమిది నిండాయి.

ఖాళీ కుర్చీ మాట్లాడినంతగా గదిలో మనుషులు మాట్లాడరని పెద్దమేడమ్ అంటూ ఉంటుంది. ఆరోజు అందరూ దాని వైపు చూడకుండా ఉండటానికి నానా కష్టాలూ పడ్డారు. చివరికి డ్రైవరే, “నా ఎగతాళి వల్లే మానేశాడేమో. నా నోరు పడిపోనూ” అన్నాడు.

“మీరు కాదు. సారు వల్ల” అంది లెక్కల టీచరు. “మనిషి అప్పుడే నోరు విప్పాడు. ఇలాంటప్పుడు మధ్యలో వెళ్లకూడదని సారుకి నేర్పరా?”

‘నేర్పారండి. కింద గీత కూడా గీసుకున్నాను’ అనుకున్నాడు అతను. పక్కన పెద్దమేడమ్ గడియారం చూస్తోంది. ఆవిడ ఆదుకోదు. ఇద్దరు వైద్యులు ఎందుకంటే ఒకరు పడ్డప్పుడు ఇంకొకరు పట్టుకోవడానికని అతను ఇన్నాళ్లూ అనుకున్నాడు. పడ్డవాడు ఎలా లేస్తాడో గ్రూపు చూడటం కూడా వైద్యమేనని ఇప్పుడు తెలుస్తోంది.

“టీచరుగారు అన్నది నిజం” అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. “ఆయన చేతులు వణుకుతుంటే నాకు భయమేసింది. నా భయం ఆపుకోలేక ఆయన మాట ఆపాను. మేము అన్నది కూడా అందుకే. మేడమ్‌గారి వెనక దాక్కున్నాను.”

డ్రైవరు, “డ్రైవరు సీట్లో కూర్చున్నోడికి కూడా కాళ్లు వణుకుతాయి సారూ. నాకు తెలీదా” అన్నాడు, మొదటిసారి ఎగతాళి లేకుండా.

అప్పుడు తలుపు తెరుచుకుంది. నాలుగూ పాతిక. దర్జీ లోపలికి వచ్చి, కూర్చోకుండా, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

“మానేసేవాళ్లు చెప్పి మానాలి, గడప దగ్గర కాదు, లోపల చెప్పాలి అన్నారుగా మొదట్లో. అది చెప్పడానికి వచ్చా. వచ్చి పాతిక నిమిషాలైంది. బయట బల్ల మీద కూర్చున్నా.”

“అక్కడికి మా మాటలు వినపడ్డాయా?” అన్నాడు డ్రైవరు.

“నీ మాటలు కింద మందుల వరస దాకా వినపడతాయి.” ఆయన నవ్వలేదు కానీ, మిగతావాళ్లు నవ్వారు. “సారూ, నేను మానేద్దామనుకున్నది ‘మేము’ అన్నారని కాదు. అది వీళ్లకి తగిలింది, నాకు కాదు.”

వారమంతా ఒకే మాట చుట్టూ తిరిగిన మనిషి బిక్కమొహం వేశాడు. ‘మరి దేనికండీ’ అని నాలుక చివరిదాకా వచ్చింది. నాలుకని పళ్లతో పట్టుకున్నాడు.

“ఆ కోటు తెచ్చినామె ఉంది చూశారూ, పోయిన మొగుడి కోటు అది. కొడుక్కి సరిపోయేలా చెయ్యమని తెచ్చింది. నేను భుజం దగ్గర తప్పు కోశా. ఇంక అతుకు వెయ్యడానికి లేదు. చెబితే ఆమె ఏమందో తెలుసా? ‘ఏం ఫర్వాలేదండి’ అంది. ఆ ముక్కలు మూటగట్టుకుని వెళ్లిపోయింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. సారూ అదే మాట అన్నారు. అదే గొంతుతో.”

లెక్కల టీచరు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది.

“మరి వచ్చి లోపల ఎందుకు చెబుతున్నావు? మానేసేవాడివి మానెయ్యక” అన్నాడు డ్రైవరు మెల్లిగా.

“శుక్రవారం సారు మా వీధి మలుపులో నిలబడ్డారు. స్తంభం పక్కన. చేతిలో ప్యాంటు.”

గదిలో మిగతా పదహారు కళ్లూ అతని మీదికి వచ్చాయి. వాటిలో రెండు పెద్దమేడమ్‌వి. ఆ గంటలో ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అప్పుడు వచ్చింది: “ప్యాంటా?”

అతను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. “కురచ చేయిద్దామనండి” అన్నాడు చివరికి.

“ఏది, ఇదేనా?” దర్జీ అతని కాళ్ల వైపు చూశాడు. ఆరోజు అతను వేసుకొచ్చింది ఆ ప్యాంటే. ఎనిమిది వారాలు మాట్లాడకుండా చూసిన కళ్లు అవి. కొలత టేపు అక్కర్లేని కళ్లు. “ఈ ప్యాంటు నిలువు సరిగ్గా ఉంది. ఆరోజు మా కొట్టు తలుపు సందులోంచి చూసినప్పుడే అనుకున్నా. ఆ చొక్కా ఎడమ భుజం మీద మరక కూడా వారం వారం చూస్తున్నా. పసిబిడ్డ పాలు కక్కిన మరక. ఎంత ఉతికినా పోదు. ఈయనకీ నాలాగే చేతులు వణుకుతాయి, కాకపోతే లోపల వణుకుతాయి అనుకున్నా. అనుకుని కూడా మానేద్దామనే వచ్చా. బయట కూర్చుంటే, భయమేసింది అని ఈయనే అంటుంటే వినపడింది.”

నవ్వు ముందు డ్రైవరు దగ్గర మొదలైంది. టీచరు దగ్గరికి వచ్చేసరికి కళ్లనీళ్లయింది. అతనికి చెవులు కాలిపోతున్నాయి. ఇప్పుడు థర్మామీటరు పెడితే ఎంత చూపిస్తుందో అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాడు.

దర్జీ కుర్చీలో కూర్చున్నాడు. “కోటు సంగతి మొదటి నుంచి చెబుతా. మధ్యలో ఎవరూ రాకండి.”

చెప్పాడు. చేతులు వణికాయి, గొంతు రెండుసార్లు ఆగింది. మొదటిసారి ఆగినప్పుడు అతను కుర్చీ అడుగున రెండు చేతులూ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. రెండోసారి ఆగినప్పుడు పట్టుకోవడం మర్చిపోయాడు, వింటున్నాడు. ఎంతసేపు ఊరుకున్నాడో అతనికి తెలీదు. లెక్కపెట్టలేదు. దర్జీ ఆపాక లెక్కల టీచరు, “ఆమెకి మీరు మళ్లీ కనపడ్డారా?” అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. “కనపడితే ఏమనాలనుంది?” అన్నాడు డ్రైవరు. దానికి ఆయన ఆలోచిస్తూ ఉండగానే అయిదున్నరైంది.

“ఇవాళ్టికి సమయం అయింది” అంది పెద్దమేడమ్. లేస్తూ అతని వైపు ఒంగి, పెదవి కదపకుండా, “ప్యాంటు గురించి మనం తీరిగ్గా మాట్లాడాలి” అంది. తిట్లు ఖాయం. అయినా ‘మనం’ అంది కదా అని అతను సరిపెట్టుకున్నాడు.

దర్జీ ఆఖర్న లేచాడు. గడప దగ్గర ఆగాడు. ఈసారి వెనక్కి తిరిగాడు.

“సారూ, వచ్చే వారం వస్తా. ఆ పై వారం సంగతి చెప్పలేను. రేపు కత్తెర తీద్దామని ఉంది. చెయ్యి వణికితే?”

అతని నోటినిండా జవాబులు. మెల్లిగా ఊపిరి తీసుకోండి, మొదట పాత గుడ్డ మీద కొయ్యండి, ఏం కాదు, తప్పకుండా... అన్నిటినీ మింగాడు. పాప చేదుమందు మింగినప్పటి మొహమే పెట్టి ఉంటాడు.

“వచ్చే మంగళవారం మాట్లాడుకుందాం” అన్నాడు.

దర్జీ తలూపి, ఒక అడుగు వేసి, మళ్లీ ఆగాడు. “ఆ ప్యాంటు మాత్రం ఎవరి చేతా కురచ చేయించకండి.”